తుడవని సూది

పరిశోధనశాలలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ సూదమ్మే. పువ్వులోంచి పుప్పొడి తీసి గాజుపలక మీద పెట్టే సూదిని, ప్రతి పువ్వుకీ మూడుసార్లు తుడిచేది. "సూదికి పెళ్లి చేస్తున్నారా ఏంటమ్మా?" అని కుర్రకారు ఏడిపించేవాళ్లు. నవ్వేసేది. ఎందుకో మాత్రం ముప్పయ్యేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది!

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఫ్యాను వేస్తే పుప్పొడి ఎగిరిపోతుందని, ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని కూర్చునే గది. పలక మీద పుప్పొడికి అద్దే, సబ్బుతో ఎంత రుద్దినా వేళ్లను వదలని గులాబీ రంగు. ఆ రోజులు తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. "ఆకులు ఎండకీ నీడకీ వేషం మార్చేస్తాయమ్మాయ్. పుప్పొడికి నటించడం రాదు. దాని గాడులు, ముళ్లు చూస్తే చుట్టాలెవరో తెలిసిపోతుంది," అనేవారు అప్పట్లో పరిశోధనశాలకు పెద్దగా ఉన్న మాస్టారు.

ఏ కుటుంబంలో వేయాలో తేలని కొండమొక్క పువ్వొకటి తెచ్చి, ఆయన స్లయిడ్ చెయ్యమన్నారు. చేసింది. ఇంటికెళ్లి భోజనానికి కూర్చోగానే గుర్తొచ్చింది. అంతకుముందే మందారం చేసింది, మధ్యలో సూది తుడవలేదు! మందారం పుప్పొడి ఇందులో కలిసిపోయే ఉంటుంది. పొద్దున్నే చెబుదామనుకుంది. కొత్త ఉద్యోగం, నోరు పెగల్లేదు. నెల తిరక్కుండా, ఆ మొక్క మందారానికి చుట్టమని మాస్టారు వ్యాసం అచ్చు వేయించారు. ఇంకేముంది! సభల్లో ఆయనకు చప్పట్లు మోగినప్పుడల్లా ఈవిడ వెనక వరసలోంచి లేచి బయటికి వెళ్లిపోయేది.

రేపు ఆవిడ రిటైర్మెంటు. ఇవాళ మధ్యాహ్నం ఇక ఆగలేక మాస్టారింటికి వెళ్లింది. ఆయనకు చూపు బాగా మందగించింది, గొంతు మాత్రం అదే. కుర్చీ అంచున కూర్చుని మొత్తం కక్కేసింది.

"రేపొద్దున ఎవరైనా మళ్లీ చూస్తే మీ పరువేం కాను మాస్టారూ? అంతా నావల్లే."

మాస్టారు పకపకా నవ్వారు. "నీ మొహం! ఒక్క స్లయిడ్ చూసి రాసేస్తానా? అందులో ముళ్ల బంతుల్లాంటి పుప్పొడి రేణువులు రెండు సైజులున్నాయి. పెద్దవి మందారానివని అప్పుడే పట్టేశా. మర్నాడే విచ్చని మొగ్గ తెచ్చా, దాంట్లో పరాయి పుప్పొడి దూరదు కదా. నా చేత్తోనే మళ్లీ చేశా. చిన్న ముళ్ల బంతులు ఆ మొక్కవే. అది మందారం చుట్టమే!"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "మరి ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ! ముప్పయ్యేళ్లు చచ్చాను!"

"చెబుదామనే నీ బల్ల దగ్గరికొచ్చా. నువ్వప్పటికే సూది తుడుస్తున్నావ్. ఒకసారి కాదు, మూడుసార్లు. తెలుసుకున్నదానికి మళ్లీ చెప్పడమెందుకని ఊరుకున్నా." ఆయన ఆవిడ వైపు తిరిగారు. "లోపల ఇంత మోస్తున్నావని నాకు తట్టలేదమ్మా. తప్పు నాదే."

సొరుగు తడిమి ఒక స్లయిడ్ తీశారు. చీటీ మీద ఆనాటి ఆవిడ వంకర అక్షరాలు. "నాకింక కనబడదు. నువ్వు చూసి చెప్పు."

కిటికీ దగ్గరున్న పాత మైక్రోస్కోపు అద్దాన్ని ఆవిడ రుమాలుతో తుడిచింది. మళ్లీ తుడిచింది.

"మూడోది మర్చిపోకు," అన్నారు మాస్టారు.

మూడోసారి మాత్రం కళ్లు తుడుచుకుని వంగి చూసింది. గులాబీ రంగు వెలిసిపోయింది. చిన్న ముళ్ల బంతుల మధ్య పెద్దవి నాలుగు దర్జాగా కూర్చుని ఉన్నాయి.

"ఉన్నాయి మాస్టారూ," అంది ఏడుస్తూ, నవ్వుతూ. "వెధవ మందారాలు!"