నిద్రమందు ఆపిన పూట

మా ఐసీయూలో ఒక పద్ధతి ఉంది. నోట్లో గొట్టం వేసి నిద్రమందు మీద ఉంచిన వాళ్ళకి రోజూ పొద్దున్నే ఆ మందు ఆపి చూస్తాం. మెలకువ వచ్చి, సొంతంగా ఊపిరి తీసుకోగలిగితే గొట్టం తీసేయవచ్చు. నేను అక్కడ నర్సుని.

మూలమంచం ముసలమ్మకు కాలిపుండు నుంచి విషం రక్తంలోకి పాకింది. క్రిములను చంపేది మందే. అది పనిచేసేదాకా మనిషిని నిలబెట్టడం మా పని: బీపీ పడిపోకుండా నరంలోకి మందు, ఊపిరికి మిషను, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం. ఈవిడ గట్టిపిండం. ఆ పూట కళ్ళు తెరవకపోయినా, చెయ్యి నొక్కమంటే నొక్కింది.

పిల్లలు ముగ్గురూ వచ్చారు. నిద్రమందు ఆపామని, అమ్మను పలకరించమని గుమ్మంలోనే చెప్పాను. పెద్దకొడుకు ఆఁ ఆఁ అంటూ ఫోను చూసుకుంటూ లోపలికి నడిచాడు. ఆవిడ తలాపున నిలబడి వాదులాడుకోవడం వాళ్ళకు అలవాటైపోయింది. అమ్మను ఎవరింటికి తీసుకెళ్ళాలని ఆ అలవాటు ప్రకారమే మొదలుపెట్టారు. చిన్నవాడు తమ ఇంటికి మెట్లెక్కువన్నాడు. కొడుకులుండగా తనమీదికి తోస్తారేమిటంది కూతురు.

"బతికినా మంచంలోనే. ఎత్తిపోసేదెవరు?" అన్నాడు పెద్దవాడు. "మిషను ఆపేయమని సంతకం పెట్టేద్దాం. ముగ్గురం పెడదాం, రేపు ఒకరినొకరు అనుకోకుండా."

తిలా పాపం తలా పిడికెడు. మిగతా ఇద్దరూ కాదనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో గుండె వేగం చూపే మిషను కూత పెట్టింది. ఆవిడ గుండె పరుగెడుతోంది. ఏమైందని పెద్దవాడు నన్నడిగాడు.

"ఆవిడ మెలకువగానే ఉన్నారు" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మీరు రాకముందు నుంచీ."

ముగ్గురూ మంచం దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశారు. ఆవిడ మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు గొట్టం అంటించిన టేపు మీదికి కారాయి. నేనే తుడిచాను.

డాక్టరు మిషను సాయం తగ్గించి చూశాడు. ఆవిడ పంతం పట్టినట్టు సొంతంగా ఊపిరి తీసుకుంది. సాయంత్రానికి గొట్టం బయటికి వచ్చింది.

పెద్దకొడుకు మంచం మీదికి వంగి, గొంతులో తేనె కలుపుకుని, మా ఇంటికే తీసుకెళ్తానమ్మా అన్నాడు. వెనక ఇద్దరూ తలలూపారు.

ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఒక్కో మాటా కూడదీసుకుని అడిగింది.

"సంతకాలు పెట్టేశారా, నాన్నా?"

వాడు తల దించుకున్నాడు. నేను మంచం తలవైపు ఇంకాస్త ఎత్తాను, ముగ్గురి ముఖాలూ ఆవిడకి బాగా కనపడాలని.