కామయ్యగారి దవడ పన్ను

ఆదివారం ఊరివాళ్లు తనకు చేసే సన్మానం అనగా గురువారం పొద్దున కామయ్యగారు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే ఆగిపోయారు. కింది దవడలో చివరి పన్ను జివ్వుమంది. ఆ జివ్వు చెవి దాకా పాకి, మళ్లీ వెనక్కి వచ్చి పంట్లోనే కూర్చుంది. దాని పేరేమిటో, మందేమిటో ఆయనకు తెలుసు. ఊళ్లో ఆయనే కదా పళ్ల డాక్టరు.

కామయ్యగారి అసలు పేరు కార్మైన్ బెలూచీ. అమెరికాలో, ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. పళ్ల డాక్టరు చదువు అవగానే, రెండేళ్లుండి వెళ్లిపోదామని ఒక మిషన్ ఆసుపత్రి పని మీద మామిడికుదురు వచ్చారు. వచ్చినప్పుడు కుర్రాడు, ఇప్పుడు ఎనభై తొమ్మిది. ఆసుపత్రి ఎప్పుడో మూతబడింది. ఆయన మాత్రం ఆ పక్కనే రెండు గదులు చూసుకుని ఉండిపోయారు. కార్మైన్ అనడం మామూలుగానే కష్టం, నోట్లో దూది పెట్టుకుని అనడం ఇంకా కష్టం. అలా రోగులందరూ కలిసి ఆయన్ని కామయ్యగారిని చేసేశారు.

వంతెనలు లేని రోజుల్లో, కాలితో తొక్కే డ్రిల్లు మిషన్ని పడవలో వేసుకుని లంక గ్రామాలన్నీ తిరిగారు. బళ్లకు వెళ్లి పిల్లల చేత బ్రష్షు పట్టించారు. మండలంలో సగం మంది ముసలివాళ్లు ఆయన కట్టిన పళ్లతోనే నవ్వుతారు. అయితే ఈ మధ్య ఆయన చెయ్యి కాస్త వణుకుతోంది. ఆ మాట ఆయన ముందు ఎవరూ ఎత్తరు. “పన్ను సంగతి తర్వాత చూద్దామండి, ముందు బీపీ చూడండి” అంటారు మర్యాదగా.

ఇంత చేసిన మనిషికీ ఒక భయం ఉంది. ఆరేళ్లప్పుడు మేనమామ తన క్షవరం షాపులోనే కూర్చోబెట్టి, కదులుతున్న పన్నని చెప్పి పట్టకారుతో పీకాడు. పీకింది కదిలేది కాదు, దాని పక్కది. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోకుండా బతకాలంటే, కుర్చీ పక్కన నిలబడే ఉద్యోగం చూసుకోవడమే మేలని పిల్లవాడికి ఆ రోజే తోచింది. ఇన్నేళ్లుగా ఆ ఏర్పాటు బాగానే సాగింది.

“ఇడ్లీ బాలేదాండీ?” అంది అమ్మాజీ. నలభై ఏళ్లుగా ఆయన దగ్గర నర్సు పని చేస్తున్న మనిషి.

“బాగుందండి. ఆకలి లేదు.”

“బుగ్గ మీద చెయ్యేసుకున్నారేంటి?”

“ఆలోచిస్తన్నానండి.”

మధ్యాహ్నానికి ఆ ఆలోచన బుగ్గ మీద నిమ్మకాయంత లేచింది. కామయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకుని జలుబన్నారు. సాయంత్రం సన్మాన సంఘం అధ్యక్షుడు సాయిదుర్గాప్రసాద్ వచ్చాడు. కొబ్బరి తోటల రైతు, మాటకు తొందర ఎక్కువ. ఫోనులో ఫ్లెక్సీ బొమ్మ చూపించాడు. కామయ్యగారు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు, కింద ‘చిరునవ్వుల ప్రదాత’ అని అక్షరాలు. సాయిదుర్గాప్రసాద్ ఫోను చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫోను చూశాడు.

“తువ్వాలు తియ్యండోసారి” అన్నాడు.

కామయ్యగారు తీయలేదు. అమ్మాజీ తీసింది.

“ఫ్లెక్సీ ఇచ్చేసేమండి ప్రింటుకి. అందులో బుగ్గ ఇలా లేదు” అన్నాడతను దిగులుగా.

తెల్లారేసరికి సంగతి ఊరంతా పాకి వరండా నిండిపోయింది. ఒకరు లవంగాలు, ఒకరు ఉప్పు కాపడం, ఇంకొకరు ఏదో ఆకు నూరిన ముద్ద తెచ్చారు. నాటు వైద్యం వద్దని ఈయన అరవయ్యేళ్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మనుషులే వీళ్లంతా. తెచ్చినవి పక్కన పెట్టి, ఆయన చెప్పిన మాటలే ఆయనకు చెప్పడం మొదలుపెట్టారు.

“నొప్పొచ్చేక కాదు, రాకముందే చూపించుకోవాలని మీరే కదండీ అన్నారు.”

“ఆయ్, అన్నాను” అన్నారు కామయ్యగారు.

“నాన్చితే పక్క పంటికి కూడా పాకుద్దన్నారండి.”

“ఆయ్.”

రమణమ్మగారు అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. ఆవిడది ఆయన ఈడే. పైసెట్టు, కిందిసెట్టు రెండూ తీసి అరచేతిలో పెట్టుకుని చూపిస్తూ ఏదో చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ పెట్టుకుని చెప్పింది.

“నాయి అన్నీ మీరే పీకేసేరు. నేను చచ్చిపోయేనా? మీది ఒక్కటేగా పోయేది.”

కామయ్యగారు తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నారు.

అమలాపురంలో షైనీ దగ్గరికి వెళ్దామంది అమ్మాజీ. షైనీ ఆ ఊరి సాలమోను మాస్టారి కూతురు. బళ్లో కామయ్యగారు దంతాల గురించి చెప్పింది విని పళ్ల డాక్టరయిన పిల్ల. “తప్పకుండా, సన్మానం అయ్యేక” అన్నారాయన. అమ్మాజీ లోపలికి వెళ్లగానే చేతిసంచీ తీసుకుని, గేటు ముందున్న, చిన్నబ్బాయి అనే కుర్రాడి ఆటో ఎక్కేశారు.

“పలివెల పోనీ నాయనా. అక్కడ పళ్ల క్యాంపు గురించి మాట్లాడాలి.”

చిన్నబ్బాయికి అప్పుడే ఫోను మోగింది. “ఆయ్… ఆయ్… అలాగేనండి” అని పెట్టేశాడు. ఆటో బయల్దేరింది. కాసేపటికి బోడసకుర్రు వంతెన ఎక్కింది.

“ఇటెందుకు?”

“అమలాపురం మీదుగా వెళ్దామండి. రోడ్డు బాగుంటాది.”

అమలాపురంలో ఒక మేడ ముందు ఆపి, టీ తాగుదాం దిగమన్నాడు. కామయ్యగారు దిగి తలెత్తి చూస్తే, బోర్డు మీద తన తలకాయంత పన్ను బొమ్మ ఉంది. మెట్ల మీద తెల్లకోటుతో షైనీ నిలబడి ఉంది.

“రండి తాతగారూ. అమ్మాజీ ఆంటీ చెప్పేరు.”

చిన్నబ్బాయి వైపు తిరిగారు. అతను శ్రద్ధగా ఆటో అద్దం తుడుచుకుంటున్నాడు.

కుర్చీ చూడగానే కామయ్యగారి కాళ్లు దాని పక్కకు వెళ్లి నిలబడ్డాయి. షైనీ రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్చున్నాక ఆయన ఊరుకోలేదు. ఎక్స్‌రే ఇంకో వైపు నుంచి తీయాలన్నారు, లైటు కాస్త దింపమన్నారు, మత్తు మందు పేరడిగి, అది ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆ అమ్మాయికే పాఠం చెప్పారు.

“అన్నీ తెలుసు కదా తాతగారూ, ఇంక నోరు తెరవండి.”

“తెరిచే ఉందిగా.”

“మాట్లాడకుండా తెరవండి.” సూది చేతిలోకి తీసుకుని, “చీమ కుట్టినట్టుంటుందండి, అంతే” అంది.

ఆ మాట కామయ్యగారిదే. పడవల్లో, బడి అరుగుల మీద, చర్చి వరండాల్లో వేలమందికి చెప్పిన మాట. సూది చిగుట్లో దిగింది. ఆయన కళ్లు ఇంతలేసి అయ్యాయి. చేతికందింది గట్టిగా పట్టుకున్నారు. అది షైనీ కోటు జేబు. చిరిగింది.

“చీమ కాదమ్మా ఇది” అన్నారు, మాట రాగానే. “తేలు.”

ఆ తర్వాతది చాలా తొందరగా అయిపోయింది. ఆయన ఇంకా భయపడడానికి సిద్ధమవుతుండగానే పన్ను ట్రేలో పడింది. వంగి చూసుకున్నారు. పంటి వేళ్లు విరగకుండా శుభ్రంగా వచ్చింది. దూది మధ్యనుంచి “నీ చెయ్యి మంచిదమ్మా” అన్నారు. తన చెయ్యి మంచిగా ఉన్న రోజులు గుర్తొచ్చి, ట్రేలో పన్నును అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

ఆదివారం సాయంత్రం కల్యాణ మండపంలో శాలువాలు కప్పారు. ఉక్కపోతకు ఆయన ఒక్కొక్కటీ తీసి అమ్మాజీ ఒళ్లో వేస్తుంటే, సాయిదుర్గాప్రసాద్ ఇంకోటి కప్పాడు. మైకు ఇచ్చారు. కామయ్యగారు తన జీవితం గురించి ఏమీ చెప్పలేదు.

“చీమ కుట్టినట్టుంటుందని మీకందరికీ చెప్పేనండి. నాకు మొన్ననే తెలిసింది, అది అబద్ధం. క్షమించాలి.”

వెనక వరసలోంచి రమణమ్మగారు లేచింది.

“మాకు మొదట్నుంచీ తెలుసండి.”

“తెలిసి ఎందుకు వచ్చేరండీ మరి?”

“మీరు ముందు రోజే మా ఇంటికొచ్చి, భోంచేసేరా, నిద్దరపట్టిందా అని అడిగేవోరు. పీకేక మళ్లీ వచ్చి అడిగేవోరు. మా ఇంట్లో వాళ్లే అడగలేదండి అలాగ.”

జనం నవ్వారు. కామయ్యగారు నవ్వబోయి, బుగ్గ లాగేసి, శాలువా అంచుతో కళ్లు తుడుచుకున్నారు. సాయిదుర్గాప్రసాద్ అది చూసి, ఉపన్యాసం ఇంకా ఉందేమోనని మైకు సర్దాడు. ఇంకేం లేదు.

భోజనాల దగ్గర అందరికీ పనసపొట్టు కూర, పులిహోర వడ్డిస్తుంటే కామయ్యగారు మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. పక్కన షైనీ కూర్చుంది.

“అమ్మా, నా చెయ్యి వణుకుతోంది. ఎవరూ చెప్పట్లేదు గానీ, అందరూ బీపీ చూపించుకుని వెళ్లిపోతున్నారు.”

“తెలుసండి తాతగారూ.”

“వారానికో రోజు మా ఊరు రాగలవా?”

షైనీ అప్పడం విరుస్తూ ఆలోచించింది. “మంగళవారాలు వస్తానండి. కానీ నేను పని చేస్తుంటే మీరు పక్కన నిలబడి సలహాలు చెప్పకూడదు.”

“చెప్పను” అన్నారు కామయ్యగారు.

మొదటి మంగళవారం చెప్పారు. షైనీ గది తలుపు వేసుకుంది. ఆయన వరండాలోకి వెళ్లి, వరసలో ఉన్నవాళ్ల మధ్య బల్ల మీద చోటు చేసుకుని కూర్చున్నారు. మొదటిసారి వచ్చిన ఒకావిడ భయంగా, “నొప్పేస్తదాండీ?” అని అడిగింది.

“వేస్తదండి” అన్నారు కామయ్యగారు. ఆవిడ లేచి వెళ్లిపోబోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఇంటి దగ్గర ఏం తిన్నారని అడిగారు.