పలకని చివరి మాట

...పైగా లంగాలతో కంటే ప్యాంటుతో మోకరించడమే సులువు, ఆ సంగతి ఈ నాటకం రాసిన మగవాడికి తెలిసుండదు, అనుకుంది అడీలా. తెర పక్క చీకట్లో నిలబడి నడుం దగ్గర బొత్తాం సర్దుకుంది. ఆ ప్యాంటును బిగుతు చేయించినవాడు నాటక కంపెనీ యజమాని డాబ్నీ. స్త్రీకి అణకువ నేర్పే నాటకమట! ఆ పాఠం కోసం దుర్భిణీలు పట్టుకుని ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల చూపు ఆమె ముఖం దాకా ఎన్నడూ రాలేదు.

నాటకం పేరు 'ఇంటాయన టోపీ'. భార్య మొగుడి ప్యాంటు తొడిగి, టోపీ పెట్టుకుని కచేరీలో ఉద్యోగానికి పోతుంది. మొగుడు ఇంట్లో బిడ్డకు పాలు పడతాడు. బ్రైటన్‌లో మొదట ఆడినప్పుడు అడీలాది పనిమనిషి వేషం. అప్పట్లో చివరన భార్య "ఇది నాకే నప్పింది" అంటూ టోపీ పెట్టుకునేది. మగవాళ్లు బుసలు కొట్టారు. మాంచెస్టర్‌కు వచ్చేసరికి భార్య ఏడ్చింది. ఇప్పుడు భార్య వేషం అడీలాది; లండన్‌లో ఈ రాత్రి మోకరించి, టోపీ మొగుడికి అందించి, "ఇల్లే నా సింహాసనం, మీరే నా కిరీటం" అనాలి. ఊరు పెద్దదయ్యేకొద్దీ ఆ భార్య కిందికి దిగుతోంది. ఇంతకంటే పెద్ద ఊరు లేదు కాబట్టి బతికిపోయింది.

మొగుడి వేషంలో డాబ్నీ వచ్చాడు. బొమ్మ బిడ్డను కాలు పట్టుకుని తలకిందులుగా వేలాడేశాడు.

"చివరి మాట గుర్తుందా అమ్మాయ్?"

"ఉందండీ. 'ఇల్లే నా సిం...'"

"ష్! నోర్ముయ్! కొంప ముంచుతావా?"

తెర లేవకముందు చివరి మాట పైకి పలికితే నాటకం మునుగుతుందని వాళ్ల నమ్మకం. రిహార్సల్లో అక్కడిదాకా వచ్చి, ఆపేసి, అందరూ టీకి పోయేవారు.

"వినకుండా నేనేమంటానో మీకెలా తెలుస్తుందండీ?"

"వేరే ఏదన్నా అను, చూద్దాం. సెప్టెంబరు పర్యటనలో నీ వేషం మిస్ పెంబర్టన్‌ది. ఆవిడ మోకాళ్లు నీకంటే చప్పున వంగుతాయి."

"వంగవూ మరి? మీ గదిలో బాగా సాధన చేయించారుగా!"

"నీ నాలుకుందే..." అంటూ అతను వెలుగులోకి నడిచాడు. నవ్వు మొహం దానంతటదే వచ్చి అతుక్కుంది.

ఈ వేషం పోతే మళ్లీ పనిమనిషే, ఈ వయసులో. కానీ ఆమె భయం దానికేనా? మోకరించాక హోరెత్తే చప్పట్లు తనకూ హాయిగా ఉంటాయేమో. అదీ అసలు భయం. డాబ్నీని వెక్కిరించినంత తేలిక కాదు దాన్ని వెక్కిరించడం.

చివరి ఘట్టం వచ్చింది. టోపీ ఆమె చేతిలో ఉంది. డాబ్నీ ఆమె వైపు చూడనైనా లేదు. మొహం ప్రేక్షకులకు చూపిస్తూ, అరచేయి మాత్రం ఆమె వైపు చాపి, చప్పట్లకు అప్పుడే సగం వంగాడు. పక్కన తెర తాడు పట్టుకున్నవాడు తానెన్నడూ వినని మాట కోసం చెవులు రిక్కించాడు.

అడీలా టోపీ అంచు మీద దుమ్ము ఊది, తన తల మీద పెట్టుకుంది.