పూడ్చని గండి

తొమ్మిదేళ్ళుగా ఆమె అటవీ శాఖ నర్సరీలో మడ మొక్కలు పెంచి ఆ గట్టు వెనక నాటుతోంది. తొమ్మిదేళ్ళుగా అవి చస్తున్నాయి. ఒకప్పటి రొయ్యల చెరువు అది. గట్టు అడ్డం ఉండి సముద్రపు పోటు నీళ్ళు లోపలికి రావు. వానలకు మొక్క కుళ్ళేది, ఎండలకు ఉప్పు తేలి మాడిపోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, జీతమిచ్చి మరీ తొక్కమంటే ఏం చేస్తుంది?

కిందటేడు తుపానుకు గట్టుకు గండి పడింది. ఇసుక బస్తాలతో పూడ్చమన్నాడు రేంజరు. అప్పుడామెకు మోకాలు వాచి ఉంది, మొక్కలంటేనే విరక్తి పుట్టి ఉంది. రేపు చూద్దాంలే అనుకుంది. ఫోన్లో మాత్రం "పూడ్చేశాం సార్" అంది. ఆ రేపు ఏడాదైనా రాలేదు.

ఇవాళ రేంజరు చూడ్డానికి వస్తున్నాడు.

"ఇరవై బస్తాలు చాలు వదినా, గంటలో అయిపోతుంది" అంది ఆమెతోపాటు పనిచేసే ఆడబిడ్డ. "అబద్ధం బయటపడితే నిన్ను ఉంచుతారా?"

ఆమె మొదటి బస్తా ఈడ్చుకుంటూ గండి దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల మోకాలెత్తు మడ మొక్కలు, ఒకటా రెండా, ఎక్కడ పడితే అక్కడ. పోటుకు కొట్టుకొచ్చిన కాయలు వాటంతటవే నాటుకున్నాయి. పక్కనే ఆమె తాడు పట్టి నాటిన వరసలు ఎండుపుల్లలై నిలబడ్డాయి.

సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు, ఒక్క ఏడాది బద్ధకం అడవి.

గండి పూడిస్తే ఇవీ చస్తాయి. ఆమె బస్తా మీదే కూలబడింది.

రేంజరు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. "పూడ్చేశామన్నారుగా?"

"ఓపిక లేక పూడ్చలేదు సార్. అబద్ధం చెప్పాను. ఈ మొక్కలు కూడా నేను నాటినవి కావు."

అతను చాలాసేపు బురదలో తిరిగి వచ్చాడు. "గట్టుకు ఇంకో మూడు గండ్లు కొట్టిస్తాను. ఇక నాటేదేం లేదమ్మా."

"మరి నర్సరీ?"

"ఉండదు."

ఆమె మోకాలు పట్టుకుని లేచి గడ్డపార అందుకుంది.

"మొదటి గండి నన్ను కొట్టనివ్వండి సార్. నాటినవి ఒక్కటీ బతకలేదు. ఇదన్నా నా చేతి మీదుగా జరగనివ్వండి."

ఆడబిడ్డ బస్తాలు విప్పి ఇసుక కుమ్మరించసాగింది.