ఫోటో కింది మూల

బూట్ల లేసుకు రెండో ముడి వేస్తుండగా అతని భార్య గోడకు మేకు కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఈ వడ్రంగమేమిటని అడగబోయి ఊరుకున్నాడు. ఆవిడ చేతిలో సుత్తి గానీ కత్తెర గానీ ఉన్నప్పుడు ప్రశ్నలు వేయకూడదని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాడు.

"కళ్ళు మూసుకోండి," అంది ఆవిడ.

"బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది. మూసుకోండి."

మూసుకున్నాడు. కాగితం చింపిన చప్పుడు, మేకుకు ఏదో తగిలించిన చప్పుడు వినబడ్డాయి. కళ్ళు తెరిచేసరికి ఆవిడ కుట్టుమిషను పైన, గోడ నిండా ఆకాశం ఉంది. కిందటి వారం సెల్ టవర్ కొసన ఎర్రదీపం మార్చడానికి ఎక్కినప్పుడు తను తీసిన ఫోటోయే. పొద్దు గుంకి, పడమటి ఎరుపు ఇంకా ఆరకముందు, పైన మొదటి చుక్కలు, కింద ఒక్కొక్క దీపమే వెలిగించుకుంటున్న ఊరు. ఫోన్లో అరచేతిలో ఇమిడిపోయిన బొమ్మ ఇప్పుడు చేతులు బారజాపినంత ఉంది.

"గ్రూపులో అందరూ మెచ్చుకున్నారుగా, అందుకే పెద్దది చేయించా. ఫోటో షాపతను కింద మరీ చీకటిగా ఉందని కాస్త వెలుగు కూడా పెంచాడు. బాగుందా?"

"బాగుంది," అన్నాడు. నిజంగానే బాగుంది. ఇంత మంచి పని తన చేతి మీదుగా జరిగిందా అని కాస్త గర్వం కూడా వేసింది.

"అది సరే గానీ, ఈ మూలన ఇవేంటండీ? జూకాల్లా వేలాడుతున్నాయి?"

దగ్గరికి వెళ్ళి చూశాడు. కింది మూలన, ఫోన్లో ఎప్పుడూ నల్లగా కనబడే చోట, తన మోకాలు, బూటు కొస, వాటి పక్కన గాలిలో రెండు ఇనుప హుక్కులు. రెండూ ఖాళీగా ఉన్నాయి. దేన్నీ పట్టుకుని లేవు.



"పనిముట్లు," అన్నాడు. క్యారియర్ అందుకుని, ఆవిడ మొహం చూడకుండా బయటపడ్డాడు.

టవర్లు ఎక్కేవాళ్ళ ఒంటికి భుజాల మీదుగా, తొడల చుట్టూ బిగించే బెల్టు ఉంటుంది. రొమ్ము దగ్గరి రింగు నుంచి ఒక పసుపుపచ్చ పట్టీ రెండు పాయలుగా వేలాడుతుంది. ఒక్కో పాయ చివర ఒక్కో హుక్కు. ఎక్కినా, దిగినా, పక్కకు జరిగినా, ఒకటి ఇనుముకు వేసి ఉండగానే రెండోది తీయాలి. ఆ పనిలో ఉన్న శాస్త్రమంతా ఇంతే, మిగతాది చెమట. అతనికి పని నేర్పిన గురువు మొదటి రోజే చెప్పాడు. "ఒరే, పెళ్ళాం పేరు మరిచిపోయినా ఎలాగోలా ఇంట్లోకి రానిస్తుంది. ఇది మరిచిపోతే అసలు ఇంటికే రావు." ఇనుముకు అతుక్కుని పాకుతాడని అతనికి బల్లి అని పేరు పెట్టింది కూడా ఆ గురువే. అసలు పేరు ఇంట్లోవాళ్ళకు గుర్తుంటే గుర్తున్నట్టు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. దీపం మార్చాడు. సరిగ్గా వెలుగుతోందో లేదో చూడాలంటే చీకటి పడాలి గనక పైనే ఆగాడు. ఆకాశం ఉన్నట్టుండి అలా అయ్యేసరికి, దీపం స్తంభం అడ్డొస్తోందని అవతలి వైపుకు తిరిగాడు. తిరిగేటప్పుడు ఒక హుక్కు తీసి అవతల వేసి, ఆ తర్వాత రెండోది తీయాలి. వేశాడా? ఎరుపు ఆరిపోతుందేమోనన్న తొందర గుర్తుంది. చెవుల్లో గాలి హోరు గుర్తుంది. హుక్కు ఉండాల్సిన చేతిలో ఫోన్ ఉండటం గుర్తుంది. రెండు హుక్కులూ తీసిన సంగతి మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. మళ్ళీ ఎప్పుడు వేశాడో అదీ రాలేదు. వేసే ఉంటాడు, లేకపోతే ఇప్పుడీ బస్సులో ఎందుకుంటాడు?

అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. తన చేతులు తనతో ఒక్క మాటైనా చెప్పకుండా ఒక పని చేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాయి. ఇంతకుముందు ఇంకెన్నిసార్లు చేశాయో?

ఫోటోలు తీయడం అతనికి సరదాతో మొదలవలేదు, మాటలు రాక మొదలైంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య సాయంత్రం కాగానే "ఇవాళ పైనుంచి ఏం చూశారు?" అని అడిగేది. మేడమెట్లు ఎక్కినా కళ్ళు తిరిగే మనిషి ఆవిడ. అతను "ఏముంది, ఊరు" అనేవాడు. ఫోన్లో కెమెరా వచ్చాక చెప్పే బాధ తప్పింది. పొగమంచులో ఊరంతా మునిగి నీళ్ళ ట్యాంకులు మాత్రమే తేలిన పొద్దు, సగం తడిసి సగం పొడిగా ఉన్న మైదానం, తెల్లవారబోతూ ఇంకా ఆరని చుక్కలు. ఆవిడ వాటిని చుట్టాలకు పంపింది, చుట్టాలు వాళ్ళ చుట్టాలకు పంపారు, చివరికి ఒక గ్రూపే తయారైంది. అందులో అతని మేనత్త ప్రతి ఫోటోకీ "ఇది ఏ ఊరు నాయనా?" అని అడుగుతుంది. ప్రతిసారీ అది ఆవిడ ఉంటున్న ఊరే. మోకాళ్ళు పోయి ఇంటిపట్టున కూర్చున్న గురువు మాత్రం ప్రతి ఫోటో కిందా ఒకే ముక్క రాస్తాడు. భేష్.

పాత ఫోటోలన్నీ వేలితో జరుపుతూ చూశాడు. మోకాళ్ళున్నాయి, బూట్లున్నాయి, పొలాల మీద పడిన టవర్ నీడలో చీమంత తన నీడ ఉంది. హుక్కులు ఎందులోనూ పడలేదు. అంతమంది మెచ్చుకున్న ఆ ఆకాశాల్లో ఎన్నింటి ముందు తను ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డాడో చెప్పే ఫోటో ఒక్కటీ లేదు. కిందటి వారం ఫోటో దగ్గరికి వచ్చి, దాని కింద రాసినవి మళ్ళీ చదివాడు. పువ్వులు, చప్పట్లు, మేనత్త ప్రశ్న అన్నీ ఉన్నాయి. గురువు భేష్ లేదు.

టవర్ దగ్గర బావమరిది అప్పటికే తాడు పరిచి కూర్చున్నాడు. ఒళ్ళు చూసి అందరూ అతన్ని బస్తా అంటారు. ఎత్తంటే అక్కలాగే అతనికీ పడదు, అందుకే నేల మీదే ఉండి తాడుతో సామాను పైకి పంపే పని.

"ఏంటి బావా, మొహం అలా పీక్కుపోయింది? అక్క ఏమన్నా అందా?"

"ఏం లేదురా."

"కొసన యాంటెన్నా బోల్టులు వదులయ్యాయట, గాలికి కొట్టుకుంటోంది. ఇవాళ గాలి కూడా కాస్త ఎక్కువే. అయినా బల్లి మీద పడితే ఏ ఫలమో చెప్పేవాళ్ళున్నారు గానీ, బల్లికి ఏమవుతుందో చెప్పేవాళ్ళే లేరు."

గాలి ఉన్న రోజల్లా వేసే జోకే. విన్నప్పుడల్లా నవ్వేవాడు, ఇవాళ నవ్వలేకపోయాడు. ఎక్కనని చెప్పేస్తే? ఈ పనిలో ఎక్కనన్న మాట ఎవరైనా ఒక్కసారే అంటారు. ఆ తర్వాత ఎక్కమని అడిగేవాళ్ళుండరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, సిగ్గు దాన్ని మళ్ళీ లోపలికి నెట్టేసింది. బెల్టు బిగించుకున్నాడు.

ఒకటి వేయడం, రెండోది తీయడం. టక్, టక్. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు వినబడీ వినబడనట్టు ఉండేది. ఇవాళ ప్రతి టక్కునూ విన్నాడు. విన్నాక చూశాడు. చూశాక, నిజంగా చూశానా అని మళ్ళీ చూశాడు. అరచేతుల చెమటకు ఇనుము జారుతోంది. కింద గోడౌను రేకులు, రోడ్డు మీద బస్సులు, ఏదో డాబా మీద ఆరేసిన దుప్పట్లు, అన్నీ ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. వాటి పని అవి చూసుకుంటున్నాయి.

కొసకు చేరి రెండు హుక్కులూ కమ్మీకి వేశాడు. యాంటెన్నా అవతలి వైపు ఉంది. అటు తిరగాలంటే ఒక హుక్కు తీయాలి.

చెయ్యి రాలేదు. వేళ్ళు హుక్కు మీదే ఉన్నాయి, నొక్కితే తెరుచుకుంటుంది, నొక్కలేకపోయాడు. ఆ రోజు తనకు చెప్పకుండా రెండూ తీసేసిన చెయ్యి ఇదే కదా. ఇప్పుడు ఒకటి తీయమంటే ఒకటే తీస్తుందని ఏం నమ్మకం? గాలికి టవర్ కొద్దిగా ఊగింది. ఎప్పుడూ ఊగేదే. అతను కమ్మీని కావలించుకుని, నుదురు ఇనుముకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏడుపొచ్చింది. మనవణ్ణి ఎత్తుకునే వయసులో, ఊరందరికీ పైన ఒంటరిగా నిలబడి, భయంతో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది. కాసేపటికి కింది నుంచి బస్తా గొంతు చించుకుని అరిచాడు.

"బావా! ఫోన్ ఎత్తు! గురువుగారు నాకు చేశారు!"

ఎడమ చెయ్యి కమ్మీకి చుట్టేసి, కుడిచేత్తో మళ్ళీ మోగుతున్న ఫోన్ తీశాడు.

"ఎక్కడున్నావురా?" అన్నాడు గురువు.

"పైన."



"హుక్కులు?"

"రెండూ వేసే ఉన్నాయి. తీయలేకపోతున్నా గురూ. చెయ్యి రావట్లేదు."

"ఫోటో చూసుకున్నావా?"

"ఇవాళే చూశా."

"నేను ఫోటో వచ్చిన రోజే చూశానురా. మూల నల్లగా ఉంటే పెద్దది చేసి, వెలుగు పెంచి చూశా. నీకు చెప్పడానికి భయమేసింది. చెబితే పైనున్నప్పుడు గుర్తొచ్చి పడతావేమోనని భయం. చెప్పకపోతే మళ్ళీ అదే పని చేస్తావేమోనని భయం. ఇన్నాళ్ళూ నిద్ర లేదు నాకు. ఇవాళ ఇక ఉండబట్టలేక చేశా."

"తీసినట్టే గుర్తులేదు గురూ."

"గుర్తుండదు. తెలిసి ఎవడు తీస్తాడు?" గురువు గొంతు సవరించుకున్నాడు. "సరే విను. ఆ హుక్కులు తీయొద్దు. అక్కడే ఉండనీ. బస్తాని ఇంకో పట్టీ పంపమను. దాన్ని నీ రింగుకి తగిలించుకుని, దాని హుక్కులు రెండూ ఇనుముకి వెయ్యి. అప్పుడు పాత పట్టీని రొమ్ము దగ్గర విప్పు. దాన్ని అలాగే వదిలేసి వచ్చెయ్."

"సామాను పైన వదిలేసి వస్తే..."

"నీకంటే అది ఎక్కువటరా? వదిలెయ్."

అతను కిందికి అరిచి చెప్పగానే బస్తా తాడు లాగాడు. సంచిలో పట్టీతో పాటు మంచినీళ్ళ సీసా కూడా పెట్టి పంపాడు. కొత్త హుక్కులు రెండూ వేసుకుని, పాత పట్టీని రింగు నుంచి విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఫోన్ను మాత్రం కట్ చేయకుండా, స్పీకరు పెట్టి, ముందే చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పైకి చెబుతూ దిగు," అన్నాడు గురువు. "నేను వింటుంటా."

"వేశా."

"ఊఁ."

"తీస్తున్నా."

"ఊఁ."

కథకు ఊఁ కొట్టినట్టు టవర్ పొడవునా గురువు ఊఁ కొట్టాడు. మధ్యలో ఒకచోట ఊఁ వినబడలేదు. అతను ఎక్కడున్నవాడు అక్కడే బిగుసుకుపోయాడు. "దగ్గొచ్చిందిరా, ఉన్నా, ఉన్నా," అన్నాడు గురువు. మళ్ళీ కదిలాడు.

నేల మీద కాలు మోపగానే అక్కడే కూర్చుండిపోయాడు. బస్తా కూడా పక్కన చతికిలబడ్డాడు. అతని అరచేతులు తాడు ఒరిపిడికి కందిపోయి ఉన్నాయి. ఇతను తన బెల్టు ఒక్కొక్క బకిలే విప్పి, మడిచి, బావమరిది ఒళ్ళో పెట్టాడు.

"ఇంక ఎక్కనురా."

"సూపర్‌వైజర్‌కి ఏం చెప్పమంటావు బావా?"

"బల్లి పడలేదు, దిగిందని చెప్పు."

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి భార్య కుట్టుమిషను ఆపింది. ఒంట్లో బాగాలేదా అని నుదురు తాకబోయింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"జూకాలన్నావే, అవి నన్ను పట్టుకుని ఉండాల్సినవి."

ఆవిడ ఫోటో మూలకు వంగి చాలాసేపు చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని వైపు తిరిగింది.

"మరి ఆ పూట మిమ్మల్ని ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు."

ఆవిడ అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, అతని చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది. ఎవరో జాకెట్లకని వచ్చి తలుపు తట్టి వెళ్ళిపోయారు. ఆ పూట ఇక మిషను తొక్కలేదు.

సాయంత్రం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. బస్తా జన్మలో పంపిన మొదటి ఫోటో. కింది నుంచి పైకి, వంకరగా తీశాడు. సగం ఆకాశం, సగం టవర్, ఒక పక్క అతని వేలు కూడా పడింది. మేనత్త అప్పుడే ఏ ఊరని అడిగేసింది. దాని కింద గురువు రాసిన ముక్క ఉంది. భేష్.

అతను రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి చూశాడు. అంత దూరం నుంచి హుక్కులు కనబడవు. రెండూ వేసే ఉన్నాయని అతనికి తెలుసు, ఈసారి గుర్తుంది. కొసన, ఎర్రదీపం పక్కన, మనిషి లేని పసుపుపచ్చ పట్టీ గాలికి ఒక పక్కకు లేచి ఉంది.