కూడితే తొమ్మిది

అమీర్‌పేట చౌరస్తా పక్క సందులో, జిరాక్స్ షాపుకూ ఇడ్లీ బండికీ మధ్య ఇరుక్కుని ఉండేది జోగారావు నంబర్ ప్లేట్ల షాపు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, బ్రష్షులు కడుక్కుని కూర్చునేవాడు. అవి ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటున్న రోజులు. ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కుర్రాడికి జావా రావాలి, జావా వస్తే ఉద్యోగం రావాలి, ఉద్యోగం వస్తే బండి కొనాలి, బండి కొంటే నంబరు రాయించుకోవాలి. అందుకని ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉన్న పిల్లలందరికీ జావా తొందరగా వచ్చెయ్యాలని వాళ్ల తల్లిదండ్రుల కన్నా గట్టిగా మొక్కుకునేవాడు జోగారావు.

అది బతుకుతెరువు. ప్రాణం మాత్రం షాపు వెనక అరలో ఉండేది. అరచేతిలో పట్టే లోహపు బొమ్మకార్లు: అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు, తలుపు ఊడిన వ్యాను ఒకటి. కొన్ని ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఏరుకొచ్చినవి, కొన్ని బాగుచెయ్యమని జనం తెచ్చి ఇచ్చినవి. కారు కింద రివెట్‌ను చేతి డ్రిల్లుతో తొలిచి, పైడొప్పను విడదీసి, పాత రంగు ఊడగొట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో మూలమూలా తోమేవాడు. వంగిన ఇరుసును సరిచేసి, సైకిల్ వాల్వ్ ట్యూబును ముక్కలు కోసి టైర్లుగా తొడిగేవాడు. కడిగిన ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి అద్దాలు పెట్టేవాడు. అన్నీ అయ్యాక, నాలుగు వెంట్రుకల బ్రష్షుతో వెనక నంబరు రాసేవాడు. అంత చిన్న ప్లేటు మీద ఏపీ తొమ్మిదీ, సిరీసూ పట్టవు కనక నాలుగంకెలే.

ఆ అంకెలు ఆరేలోపు కారును గడప బయట పెట్టాలి. ఎందుకంటే ఆరగానే అది బయల్దేరేది. ఇడ్లీ బండి కింద నుంచి దూరి, మురిక్కాలవ అంచు పట్టుకుని, ఆ నంబరు ఎవరిదో వాళ్లింటికి వెళ్లిపోయేది. యూసుఫ్‌గూడకు గంట పట్టేది. ఎర్రగడ్డ వైపు అయితే రైతుబజారు రద్దీ వల్ల ఇంకాస్త ఆలస్యం. చౌరస్తాలో డ్యూటీ చేసే కానిస్టేబుల్ హనుమాండ్లు దాన్ని చూడగానే విజిలేసి, నాలుగు వైపులా బండ్లు ఆపేసేవాడు. సిటీ బస్సు డ్రైవర్లు మెడ సాచి, "పోయిందా అన్నా?" అని అడిగి, పోయాకే గేరు మార్చేవాళ్లు.

ఒక్కటే చిక్కు. అవే నాలుగంకెలు ఊళ్లో పది బండ్లకు ఉండొచ్చు. ఆ పదిమందిలో, రాసేటప్పుడు జోగారావు మనసులో ఎవరుంటే కారు వాళ్ల దగ్గరికే పోయేది. ఒకసారి ఇంటి ఓనరావిడతో నీళ్ల మోటారు దగ్గర గొడవపడి వచ్చి రాస్తే, బల్కంపేట వెళ్లవలసిన జీపు, అదే నంబరు స్కూటరున్న ఆవిడ వంటింట్లోకి వెళ్లి గ్యాసు పొయ్యి కింద నిలబడింది. అప్పట్నుంచి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తున్నాడు. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు.

ఇక రంగుల సంగతి. పెయింటు షాపులో దొరికే రంగులు బొమ్మకార్లకు పనికిరావు. గోళ్ల రంగులు కలుపుకోవాలి. ఏది ఎంత కలపాలో చెప్పగల మనిషి అమీర్‌పేటలో ఒక్కతే ఉంది. ఆమె రత్నమాల. రోడ్డుకు అవతల మ్యాచింగ్ సెంటర్ ఆమెది. చీర కొంగు చూపిస్తే చాలు, అరల్లోంచి జాకెట్ ముక్క, లంగా గుడ్డ, ఫాల్ మూడూ తీసి ముందు పడేసేది. వయసు ముప్పై నాలుగు. పెళ్లి మాటెత్తిన చుట్టాలకు జాకెట్ ముక్క చేతిలో పెట్టి సాగనంపే మనిషి.

జోగారావు కారు తీసుకెళ్తే ఆమె లోపల చూసేది కాదు. "ట్యూబ్‌లైట్ కింద ఏ రంగైనా అబద్ధమే చెప్తది. ఎండలకు రండి," అంటూ మెట్టు మీదికి నడిచేది. ఇద్దరూ తలలు వంచి, అంగుళం మేర ఒలిచిన పాత రంగును చూస్తూ నిలబడేవాళ్లు. "ఇది మెజెంటా గాదు. ఉల్లిపొట్టుల జర వంకాయ కలిసింది," అనేది. కలిపి చూస్తే అంతే ఉండేది. ఆరేళ్లుగా వారానికి రెండుసార్లు అలా నిలబడ్డారు. ఆ పది నిమిషాల కోసం బాగానే ఉన్న కార్లకు కూడా జోగారావు రంగు గీకేసిన రోజులున్నాయి.

హైదరాబాదులో అన్న కానివాడు లేడు. కండక్టరు అన్న, పోలీసు అన్న, తాళాలు బాగుచేసేవాడు అన్న. రత్నమాల కూడా అందరినీ అన్నా అనే పిలిచేది. జోగారావును మాత్రం జోగారావు గారూ అనేది. ఇది కూడా సందులో అందరూ గమనించారు, జోగారావు తప్ప.

ఆ సోమవారం ఆమె మెట్టు మీద నిలబడే చెప్పింది.

"దుకాణం ఖాళీ చెయ్యాలంట. కంప్యూటర్లు పెడ్తరంట ఈడ. వేరే తాన చూసిన గని దొరకలే. ఆదివారం కరీంనగర్ పోతున్న, మా తమ్ముని దగ్గరికి."

వెళ్లొద్దని చెబుదామని జోగారావు నోరు తెరిచాడు. "మెంతి రంగు జాకెట్ ముక్క ఉందాండీ?" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, లోపలికెళ్లి తెచ్చిచ్చింది. మంగళవారం ధైర్యం చేసి వెళ్లి చిలకపచ్చ ముక్క తెచ్చుకున్నాడు. బుధవారం రామా గ్రీన్. అక్షరాలతోనే బతికినవాడు, బొబ్బిలి నుంచి బ్రష్షు పట్టుకుని వచ్చి ఊళ్లో సగం బండ్ల మీద రాసినవాడు, ఒక్క మాట నోటితో చెప్పలేకపోయాడు. ఆ వారంలో ఆడదిక్కు లేని జోగారావు గదిలో మూడు జాకెట్ ముక్కలు పోగయ్యాయి.

గురువారం వీరవెంకటసత్యనారాయణ గారు వచ్చారు. పంజగుట్టలో ఆయనకు రెండు ఇన్‌స్టిట్యూట్లు. మూడోది అమీర్‌పేటలో పెడుతున్నారు. జేబులోంచి, రుమాల్లో చుట్టిన చిన్న అంబాసిడర్ తీశారు.

"మా నాన్నగారి కారుకి అచ్చు ఇది. తెనాలిలో అద్దెకి తిప్పేవారు. నాకు ఇది కొనిచ్చి, వెనక నంబరు గుండుసూదితో ఆయనే గీశారు. చూడండి."

మూడు పొరల రంగు కింద, వంకరగా, 4261.

"అదే రాస్తానండి," అన్నాడు జోగారావు.

"వద్దొద్దు! కూడితే పదమూడు. ఒకటీ మూడూ నాలుగు. నాలుగు నాకు చచ్చినా పడదని సిద్ధాంతి గారు చెప్పారు. మీకు తోచిన నంబరు వెయ్యండి, కూడితే తొమ్మిది రావాలి. నా కొత్త కారుకి కూడా అదే నంబరు తీసుకుంటాను. శనివారానికి పంజగుట్టలో మా ఇంటికి వచ్చేస్తుందిగా?"

"మిమ్మల్నే తలుచుకుని రాస్తే వచ్చేస్తుందండి."

శుక్రవారం రంగు కోసం వెళ్లాడు. దుకాణంలో అరలు సగం ఖాళీ. మూటలు గోడవారన పేర్చి ఉన్నాయి. ఇద్దరూ ఎండలోకి వచ్చారు. "పిస్తాల పాలు పోసినట్టున్నది," అని ఆమె కారును ఇంకా కొంచెంసేపు చేతిలోనే ఉంచుకుంది. "ఇదే ఆఖరుది గావచ్చు."

"ఆనంద బ్లూ ముక్క..." అన్నాడు జోగారావు.

"అయిపోయింది," అంది రత్నమాల, విసురుగా.

శనివారం పొద్దున పదింటికి గడప మీద కూర్చుని బ్రష్షు తీశాడు. వీరవెంకటసత్యనారాయణ గారి మీసాన్ని తలుచుకున్నాడు. బంగారు ఫ్రేము కళ్లజోడును తలుచుకున్నాడు. ఏ అంకెలు వెయ్యాలా అని లెక్కలేసుకునే లోపే చెయ్యి రాసేసింది. 2745. కూడి చూసుకున్నాడు. పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. ఇంత తేలిగ్గా వచ్చేసిందేమిటా అని సంతోషపడి, కారును బయట పెట్టాడు.

అంబాసిడర్ ఇడ్లీ బండి దాటి చౌరస్తా చేరింది. హనుమాండ్లు విజిలేసి, బండ్లు ఆపి, పంజగుట్ట వైపు చెయ్యి చూపించాడు. కారు నడిరోడ్డు మీద ఆగింది. పంజగుట్ట వైపు తిరగలేదు.

"గిటు, గిటు!" అన్నాడు హనుమాండ్లు వంగి.

అది అతని బూట్ల మధ్య నుంచి తిన్నగా రోడ్డు దాటి, మ్యాచింగ్ సెంటర్ మెట్టుకు ముక్కు ఆనించి ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది జోగారావుకు. ఆరేళ్ల కిందట రత్నమాల కొత్త స్కూటీకి నంబరు రాసింది తనే. పూర్తిగా ఆరకముందే ఆమె వేలు పెట్టి చూసింది. 5 తోక పక్కకి సాగిపోయింది. "అయ్యో!" అని నవ్వింది. సరిచేస్తానంటే వద్దని అలాగే తీసుకెళ్లిపోయింది. ఆ స్కూటీ నంబరు 2745. ఇవాళ తను రాసిన అయిదుకు కూడా తోక పక్కకే సాగింది.

రోడ్డుకు అవతల రత్నమాల మెట్టు దిగింది. కారును ఎత్తి, వెనక్కి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి ఇటు చూసింది.

జోగారావు షట్టర్ సగం దించి, దాని వెనక దాక్కున్నాడు.

అయిదు నిమిషాల్లో షట్టర్ మీద లాఠీ చప్పుడైంది.

"జోగన్నా, ఎల్లు బైటికి," అన్నాడు హనుమాండ్లు. "అక్క పిలుస్తున్నది."

"ఇప్పుడు రోడ్డు దాటలేనండి. ట్రాఫిక్ చాలా ఉంది."

"గీ మూడంగుళాల కార్లకు ఆరేండ్ల సంది ట్రాఫిక్ ఆపుతున్న. నీకు ఆపనా? నడువ్!"

విజిల్ మోగింది. నాలుగు వైపులా బస్సులు, ఆటోలు, స్కూటర్లు ఆగిపోయాయి. అందరూ చూస్తుండగా జోగారావు తల వంచుకుని రోడ్డు దాటాడు. "పోయిండా?" అని ఒక బస్సు డ్రైవరు వెనక నుంచి అడగడం వినిపించింది.

దుకాణంలోకి వెళ్లేసరికి ఎదురుగా వీరవెంకటసత్యనారాయణ గారు. చేతిలో కొలత టేపు. కంప్యూటర్లు ఎక్కడెక్కడ పెట్టాలో కొలుచుకోవడానికి వచ్చారు. ఆ కంప్యూటర్లు ఈయనవేనన్నమాట. గల్లా బల్ల మీద పిస్తా రంగు అంబాసిడర్. దాని వెనక రత్నమాల, చేతులు కట్టుకుని.

"జోగారావు గారూ!" ఆయన మొహం వెలిగిపోతోంది. "చూశారా తొమ్మిది మహిమ! ఇంటికి కాదు, ఏకంగా నా కొత్త బ్రాంచిలోకే వచ్చి కూర్చుంది! ఇంతకన్నా శుభం ఏం కావాలండీ? ఏమ్మా, నువ్వూ చూశావుగా?"

రత్నమాల జోగారావునే చూస్తోంది.

తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. అవునండీ, తొమ్మిది మహిమే అంటే చాలు. ఆయన సంతోషిస్తారు, తన పరువు దక్కుతుంది. రేపు మూటలు కరీంనగర్ బస్సెక్కుతాయి. జోగారావు కళ్లు ఆ మూటల మీద పడ్డాయి. పైమూటలోంచి ఆనంద బ్లూ గుడ్డ తొంగిచూస్తోంది. అయిపోయిందంది కదా నిన్న!

"కాదండి," అన్నాడు.

"ఏంటి కాదు?"

"అది మీ బ్రాంచికి రాలేదండి. అది... ఆ నంబరు మీది కాదు. నేను రాసేటప్పుడు..."

రత్నమాల గబుక్కున గల్లా వెనక నుంచి వచ్చింది. "ఆగండి. ఈడ చెప్పకుండ్రి. ఎండలకు రండి."

ఇద్దరూ మెట్టు మీదికి వచ్చారు. చౌరస్తాలో హనుమాండ్లు చెయ్యి ఇంకా దించలేదు. బండ్లన్నీ ఆగే ఉన్నాయి. ఎండ నెత్తి మీద కొడుతోంది.

"ఇప్పుడు చెప్పుండ్రి."

"అది మీ స్కూటీ నంబరండి. ఆరేళ్లుగా నా మనసులో ఉంది. మీరు వెళ్లిపోతే నాకు ఏ రంగూ తెలీదండి. వెళ్లొద్దు. నా షాపు ఎనిమిదడుగులు. నాలుగడుగులు మీరు తీసుకోండి. మీకిష్టమైతే... షాపొక్కటే కాదండి, అన్నిట్లోనూ సగం."

చెప్పేశాడు.

రత్నమాల రంగు చూసేటప్పుడు చూసినట్టే తల ఓ పక్కకు వంచి, అతని మొహంలోకి చూసింది.

"ఆరేండ్ల సంది మిమ్మల్ని ఒక్కసారన్న 'అన్నా' అన్ననా?" అంది.

జోగారావు ఆలోచించాడు. వెనక్కి వెనక్కి వెళ్లి ఆరేళ్లూ వెతికాడు. ఒక్కసారి కూడా లేదు. అతని మొహం విప్పారింది.

"గిప్పుడు తెలిసిందా!" అంది ఆమె. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఆ మూడు జాకెట్ ముక్కలు గూడ తెండ్రి. మెంతి రంగుది నాకు మ్యాచింగు చీరున్నది."

హనుమాండ్లు చెయ్యి దించాడు. హారన్లన్నీ ఒక్కసారి మోగాయి.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన వీరవెంకటసత్యనారాయణ గారికి అర్థం కావడానికి కొంత టైము పట్టింది. "అయితే నా కారు?" అన్నారు బిక్కమొహంతో.

జోగారావు షాపు నుంచి బ్రష్షూ థిన్నరూ తెచ్చాడు గాని, 2745 చెరపడానికి చెయ్యి రాలేదు. రత్నమాలే గుడ్డ ముక్క థిన్నర్‌లో ముంచి తుడిచేసింది. "స్కూటీ మీద ఉన్నది గద," అంది. జోగారావు అక్కడే మెట్టు మీద కూర్చుని మళ్లీ బ్రష్షు తీశాడు. ఈసారి 4261 రాశాడు.

"నాలుగొస్తుంది కదండీ," అన్నారాయన, మెల్లగా.

"నాన్నగారిని కూడి చూడకండి," అన్నాడు జోగారావు.

ఆయన వంగి ఆ అంకెలనే చూశారు. అంకెలు ఆరాయి. అంబాసిడర్ మెట్టు దగ్గర్నుంచి కదిలి, ఆయన పాదాల చుట్టూ ఒకసారి తిరిగి, పంజగుట్ట వైపు బయల్దేరింది. డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నా ఆయన పెద్ద కారెక్కలేదు. కొలత టేపు చేతిలోనే పెట్టుకుని, దాని వెనకే, చిన్నపిల్లాడిలా, ఎండలో నడిచి వెళ్లారు.

ఆదివారం పొద్దున హనుమాండ్లు మళ్లీ విజిలేశాడు. కరీంనగర్ పోవలసిన పద్నాలుగు మూటలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాటాయి.