కోదాడలో నిద్ర

మనిషి పోయి పదకొండో దినం దాటాక, ఆ ఇంటి ఆడమనిషిని ఎవరో ఒకరు పిలుచుకుపోయి, అన్నం పెట్టి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టాలి. నిద్ర చెయ్యడమంటే అదే. అది అయ్యే దాకా ఆమె ఇంకో గడప తొక్కకూడదు. పిలవాల్సింది పుట్టింటివాళ్ళు. సువర్ణకు పుట్టిల్లంటే మిర్యాలగూడలోని అన్న ఉప్పలయ్య ఒక్కడే. భర్త హరీష్ పోయి ఇరవై ఆరు రోజులైంది, ఆ ఒక్కడూ పిలవలేదు.

చావుకు వచ్చాడు. రాకేం? గుప్పెడు మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆడబిడ్డ తన ఇంటికి నిద్రకు రమ్మంటే సువర్ణే వద్దంది. అన్న వస్తాడంది. వానాకాలం మొదలైంది, సూర్యాపేట బజారులో హరీష్ పురుగుమందుల దుకాణానికి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఆమె మాత్రం వెనక గదిలో కూర్చుని వాకిట్లో బండి చప్పుడైనప్పుడల్లా చెవులు రిక్కిస్తోంది.

అన్నకూ భర్తకూ ఎక్కడ చెడిందో చెబితే నవ్వుతారు. క్రెడిట్ కార్డు దగ్గర!

హరీష్ సరుకంతా కార్డు మీదే తెప్పించేవాడు. ఏటా వేలల్లో ఫీజు గుంజే పెద్ద కార్డు. ఆ ఫీజుకు బదులు ఆరు నెలలకోసారి హోటల్ క్రెడిట్ అని ఇస్తారు. వాళ్ళ జాబితాలోని హోటల్లో దిగితే ఆ మేరకు డబ్బు తిరిగొస్తుంది, గడువు దాటిందా, గోవిందా! "ఫీజు కట్టినంక వాడకపోతే పాపం తగుల్తది" అనేవాడు హరీష్. అనడమే గానీ వాడిందెప్పుడు? సీజన్ అని ఒకసారి, జ్వరమని ఒకసారి ఊరుకోవడం, తేదీ దాటాక తల పట్టుకోవడం.

నిరుడు ఉప్పలయ్య బిడ్డ సింధు పెండ్లికి మాత్రం తెలివి చూపించాడు. ఉప్పలయ్య తెచ్చిన నగదు తాను తీసుకుని ఫంక్షన్ హాలుకూ, వంటలకూ, పట్టుచీరలకూ కార్డు గీకాడు. అంత ఖర్చు చూపిస్తే కార్డువాళ్ళు ఇంకో క్రెడిట్ ఇస్తారట. పైసా తేడా లేదు, మనసులో మోసం లేదు. కానీ నోరుందే! విడిదింట్లో మగపెండ్లివారి ముందు "మా సింధు పెండ్లి నాకు రెండు రాత్రులు హోటల్ తెచ్చింది" అని గొప్పలు పోయాడు. "అయితే పెండ్లంతా కార్డు మీదనేనా?" అని పెండ్లికొడుకు మేనమామ పక్కున నవ్వాడు. అంటే అప్పుల పెండ్లి అని! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఉప్పలయ్య ముఖం మాడిపోయింది. అప్పగింతలయ్యాక బావను పక్కకు పిలిచాడు. "నా బిడ్డ పెండ్లిల పాయింట్లు ఏరుకున్నవ్ గద బావా. ఇగ నీ ఇంటికి రాను" అన్నాడు. అన్నట్టే, చావు కబురు దాకా రాలేదు.

జూన్ చివర్లో ఒక పొద్దున హరీష్ ఫోను మోగింది. సందేశం: రేపు కోదాడలో మీ బస, మీ కోసం ఎదురుచూస్తున్నాం. కోదాడ బైపాస్ మీద కొత్తగా లేచిన పెద్ద హోటలది. హరీష్ ఏప్రిల్లోనే గది చెప్పి ఉంచాడు, ఇంట్లో మాట పొక్కనివ్వలేదు. సువర్ణ ఆ సందేశాన్ని నాలుగుసార్లు చదివి అత్త వెంకటనర్సమ్మకు వినిపించింది.

"నేను పోత అత్తమ్మా. ఇగ అదే నా నిద్ర."

"హోటల్ల పండుకుంటే నిద్ర అయితదా బిడ్డా? ఒకలు పిలవాలె గద."

"పిలిచినోడు ఉన్నడు. నీ కొడుకే పిలిచిండు."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నడువు, నేనూ వస్త" అంది.

మర్నాడు మధ్యాహ్నానికి బస్సులో కోదాడ చేరారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి నవ్వింది. "డబ్బులు ముందే కట్టేశారండి. హరీష్ గారు వెనకాల వస్తున్నారా?"

"రాడు బిడ్డా" అంది వెంకటనర్సమ్మ. ఆ గొంతు విని అమ్మాయికి సంగతి అర్థమైంది.

"గదులు రెండండీ" అంది. "రెండోది ఉప్పలయ్య గారు, లత గారి పేరు మీద ఉంది. సార్‌తో ఫోన్‌లో నేనే మాట్లాడాను. మీ క్రెడిట్‌కి ఒక గది రెండు రాత్రులు వస్తుందండీ అంటే, కాదు, ఒక్క రాత్రే, గదులు రెండు కావాలన్నారు. 'మా బామ్మర్ది అలిగిండమ్మా, ఈ క్రెడిట్ ఆయన బిడ్డ పెండ్లిల వచ్చింది, ఆయనకే పెట్టాలె' అన్నారు. రాత్రి భోజనానికి నలుగురికి బల్ల కూడా చెప్పారండి."

సువర్ణ అక్కడే సోఫాలో కూలబడింది. ఎంత పిచ్చివాడు! ఆ మాటేదో బతికుండగా ఫోన్ చేసి చెప్పి ఉంటే ఏం పోయేది? అన్నకు ఫోన్ కలిపి, విన్నదంతా చెప్పింది.

అవతల నుంచి ఏడుపు వినిపించింది.

"దినాలైన కాన్నుంచి రోజూ బండి తీస్తున్ననే. సగం తొవ్వ వచ్చి మర్లిపోతున్న. బావను మాట్లాడకుండనే పంపిన. ఏ ముఖం పెట్టుకొని నీ వాకిట్ల నిలబడాలె?"

"నా వాకిట్ల వద్దు. బావ పిలుస్తున్నడు, గీడికి రా. వదినెను తోల్కరా."

దీపాలు పెట్టే వేళకు ఉప్పలయ్య, అతని భార్య లత వచ్చారు. కౌంటర్లో ఆధార్ ఇచ్చి, కాగితం మీద హరీష్ పేరు కింద తన పేరు చూసుకుని, బావ పేరును ఒకసారి వేలితో తడిమి సంతకం పెట్టాడు.

బల్ల మీద నాలుగు పళ్ళాలు. హరీష్ కూర్చోవాల్సిన చోట అతని తల్లి కూర్చుంది. వడ్డించడానికి వచ్చినతన్ని ఉప్పలయ్య చేత్తోనే ఆపాడు. గిన్నె తాను అందుకుని చెల్లెలికి అన్నం పెట్టాడు, పప్పు వేశాడు, నెయ్యి వేశాడు.

"తిను సెల్లె" అన్నాడు. "ఇది బావ పెట్టిన నిద్ర. పొద్దుగాల మిర్యాలగూడ పోదాం. నా నిద్ర నేను పెట్టుకోవాలె."

ఇరవై ఏడు రోజుల తర్వాత సువర్ణ కరువుతీరా ఏడ్చింది. ఏడుస్తూనే ముద్ద కలిపింది.